డేంజర్ గారి పద్యం

ఒక పెద్ద అడవిలో ఇంగ్లీషు రాని ఇంగ్లీషు మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఆయన కొండముచ్చు. పేరు వాలేశ్వరం.

ఇంగ్లీషు రాకుండా ఆ ఉద్యోగం ఎలా వచ్చిందంటే, ఇంటర్వ్యూ చేసినవాళ్ళకీ రాదు కాబట్టి. చిన్నప్పుడు వాలేశ్వరం అడవి చివర గెస్టుహౌసు కప్పు మీద కూర్చుని టూరిస్టుల మాటలు వినేవాడు. అక్షరాలు కూడబలుక్కోవడం అక్కడే పట్టుబడింది. అర్థాలు మాత్రం అబ్బలేదు. ఇంటర్వ్యూలో "యస్", "నో", "వెరీ గుడ్" అనే మాటల్ని ఒకసారి కోపంగా, ఒకసారి జాలిగా, ఒకసారి కళ్ళు మూసుకుని అన్నాడు. కమిటీ పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకుని ఉద్యోగం ఇచ్చేశారు.

బడి చుట్టూ నేరేడు చెట్లు. మాస్టారి కాపురం వాటి మీదే. పాఠం చెబుతూ చెయ్యి చాపితే పండు అందేది. ఆయన పాఠాల్లో చాలాభాగం నమలడమే.

ఇంత సుఖానికి ఒక పొద్దున గండం వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ పింఛావతి రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఆవిడ ఆడ నెమలి. పింఛం పేరులోనే తప్ప ఒంటి మీద లేదు.

"మాస్టారూ, కొంప మునిగింది! ఎల్లుండి ఇన్‌స్పెక్టర్ గారు వస్తున్నారు. ఈసారి ఇంగ్లీషు పద్యం అడుగుతారట. పిల్లలు చదవాలి, భావం చెప్పాలి, కవి హృదయం విప్పాలి. చెప్పలేకపోతే మాస్టారిని తుమ్మలదిబ్బ బడికి మార్చేస్తారట!"

తుమ్మలదిబ్బ అనేసరికి వాలేశ్వరం తోక జావగారిపోయింది. అక్కడ ముళ్ళు తప్ప మరేమీ కాయవు.

"అమ్మా, మన పుస్తకంలో పద్యభాగమంతా చెదలు తినేశాయి కదండీ!"

"మరి వచనం మిగిలిందిగా?"

"దాని జోలికి చెదలు కూడా పోలేదండీ."

"అదంతా నాకు తెలీదు. ఎక్కణ్ణించైనా సరే, ఒక పద్యం పట్టుకురండి."

వాలేశ్వరం అడవంతా గాలించాడు. రాళ్ళు తిరగేశాడు. గెస్టుహౌసు చెత్తబుట్టలో బిస్కెట్ల కాగితాలు చదివాడు. అవేవీ పద్యాల్లా అనిపించలేదు. చివరికి వాగొడ్డున ఒక కర్రకి కొట్టిన బోర్డు కనిపించింది. దాని మీద ఎర్ర రంగుతో ఇలా ఉంది:

డేంజర్!
డీప్ మడ్.
డోంట్ కమ్.
గో బ్యాక్.

ఇక్కడ లోతైన ఊబి ఉంది, రావద్దు, వెనక్కి పొండి అని మనుషులు పాతిన హెచ్చరిక అది. పైన పుర్రె బొమ్మ, దాని కింద రెండు ఎముకలు కూడా వేశారు.

వాలేశ్వరానికి ఒళ్ళు పులకరించింది. పొట్టి పొట్టి పాదాలు! వరసగా మూడింటికి మొదట 'డ'కారం! పద్యం కాకపోతే ఇంకేమిటి? పైన కవిగారి ఫొటో కూడా ఉంది. పాపం, బాగా చిక్కిపోయి ఉన్నాడు. అయినా పళ్ళు బయటపెట్టి ఎంత చక్కగా నవ్వుతున్నాడో! కింద చేతులు కట్టుకుని ఎంత వినయంగా ఉన్నాడో!

బోర్డు పెరికి భుజాన వేసుకుని బడికి తెచ్చాడు. గోడకి తగిలించి పాఠం మొదలుపెట్టాడు.

"పిల్లలూ, అందరికన్నా పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది కవిగారి పేరు. డేంజర్ గారు. దండం పెట్టండి."

కుందేలు పిల్లలు, జింక పిల్లలు భక్తిగా దండం పెట్టారు.

"డీప్ మడ్ అంటే గాఢమైన మడి. కవిగారు తెల్లారకముందే తలస్నానం చేసి, తడిబట్టతో ఎవరినీ తాకకుండా కూర్చుని రాశారన్నమాట. తర్వాత డోంట్ కమ్. టూరిస్టుల్లో తల్లులు పిల్లల్ని పొద్దస్తమానం డోంట్, డోంట్ అని పిలుస్తూ ఉంటారు. నేను చెవులారా విన్నాను. డోంట్ అంటే 'నాన్నా' అని. డోంట్ కమ్ అంటే 'రా నాన్నా' అని. ఎంత ఆప్యాయత!"

"గో బ్యాక్ అంటే?" అంది ఒక కుందేలు.

"గో అంటే గోవు. బ్యాక్ అంటే వీపు. వచ్చినవాడికి గోవు వీపు నిమిరినంత హాయి కలుగుతుందని కవి హృదయం."

తన నోటి నుంచి ఇంత గొప్ప భావం వస్తుందని వాలేశ్వరమే అనుకోలేదు. కళ్ళు చెమర్చాయి.

వెనక బెంచీలోంచి ముళ్ళపంది పిల్ల సూదమ్మ లేచింది. పక్కన ఎవరూ కూర్చోరు కాబట్టి ఆ పిల్లకి ఆలోచించుకోడానికి తీరిక ఎక్కువ.

"మాస్టారూ, ఆ బోర్డు ఉన్నచోట నిజంగానే ఊబి ఉందండీ. మొన్న మా అత్తయ్య దిగబడిపోయింది. ఆ బోర్డు కర్రే పట్టుకుని బయటపడింది. ఇంతకీ మడ్ అంటే బురదేమోనండీ?"

క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నుదురు కొట్టుకున్నాడు.

"ఏమమ్మా, అంత పెద్ద కవి పనిమాలా బురద గురించి రాస్తాడా? నీకు పైపై అర్థం తప్ప లోపలిది కనపడదు. గోడకుర్చీ వెయ్యి!"

సూదమ్మ వెళ్ళి గోడకుర్చీ వేసింది. ముళ్ళు గుచ్చుకుని గోడకే చిల్లులు పడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ రానే వచ్చాడు. ఆయన రోమశం అనే ఎలుగుబంటి. అర్థం కాని మాట వినపడ్డప్పుడల్లా కళ్ళు మూసి "ఊఁ" అనడం ఆయన అలవాటు. అందుకని అడవిలో ఆయనకి మహా పండితుడని పేరు. కుందేలు పిల్లలు పద్యం చదువుతున్నంతసేపూ ఆయన కళ్ళు తెరవలేదు. భావం చెబుతుంటే "ఊఁ", "ఊఁ ఊఁ" అన్నాడు. గోవు వీపు దగ్గరికొచ్చేసరికి రుమాలు తీశాడు.

"మాస్టారూ, డేంజర్ గారిది ఎంత మెత్తని మనసండీ! నేను ఆయన్ని చాలా చదివాను," అన్నాడు.

వాలేశ్వరం గుండె గాల్లో తేలింది. ఉత్తమ ఉపాధ్యాయుడి దండ మెడలో పడినట్టే అనిపించింది. ఆ దండలో పువ్వులు తినేవో కావో అని కూడా ఆలోచించాడు.

"ఇంతకీ ఇది ఎక్కడ రాశారు?"

"ఇక్కడే సార్, మన వాగొడ్డున!"

"అయితే పదండి. ఆ మహాకవి కూర్చున్న నేల మీద నేను నిలబడాలి."

ఊరేగింపుగా అందరూ వాగు దగ్గరికి బయల్దేరారు. ఇన్‌స్పెక్టర్ చెప్పులు విడిచి, చేతులు జోడించి ముందుకు నడిచాడు.

"సార్, అటు వెళ్ళకండి! ఊబి సార్!" అని సూదమ్మ అరిచింది.

"ష్! పెద్దవాళ్ళు పరవశిస్తున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదు," అని మాస్టారు కసిరాడు.

రోమశం అడుగు వేశాడు. మోకాళ్ళ దాకా దిగబడ్డాడు.

"ఆహా! లోతు తెలుస్తోంది," అన్నాడు.

మరో అడుగు వేశాడు. నడుం దాకా దిగాడు.

"మాస్టారూ, ఈ భావం ఇంకా ఎంత కిందికి పోతుందండీ?"

"సార్, కవి హృదయానికి అంతెక్కడుంది సార్!" అని వాలేశ్వరం ఒడ్డునుంచి భక్తిగా జవాబిచ్చాడు.

బురద మెడ దాకా వచ్చింది. అప్పుడు రోమశం అందరికీ తెలిసిన భాషలో కేక పెట్టాడు.

"చచ్చాన్రోయ్! లాగండ్రా!"

పింఛావతి స్పృహ తప్పింది. వాలేశ్వరానికి అప్పటికి తెలిసొచ్చింది. తను చెప్పిన ముక్కలకి ఒక నిండు ప్రాణం మునిగిపోతోంది! తుమ్మలదిబ్బా, దండా అన్నీ మర్చిపోయాడు. ఒక్క గెంతు గెంతి ఊబి మీదికి వంగిన కొమ్మని కౌగిలించుకుని, తోక కిందికి వదిలాడు. రోమశం ఆ తోకని రెండు చేతులా పట్టుకున్నాడు. సూదమ్మ పిల్లలందర్నీ పోగుచేసి కొమ్మకి తీగ కట్టించి లాగించింది. కొమ్మ వంగింది, మాస్టారు కెవ్వుమన్నాడు, తోక సాగింది. చివరికి 'బుళుక్' మని ఇన్‌స్పెక్టర్ ఒడ్డున పడ్డాడు.

రోమశం ఒంటి మీద ఒక్క వెంట్రుక కూడా కనపడటం లేదు. కళ్ళు మాత్రం మిటకరిస్తున్నాయి.

'అయిపోయింది నా పని,' అనుకున్నాడు వాలేశ్వరం, తోక ఊదుకుంటూ.

కానీ రోమశం ఇంకో లెక్కలో ఉన్నాడు. ఇది ఉత్త బురదే అని ఒప్పుకుంటే, డేంజర్ గారిని చాలా చదివానన్న మాట ఏం కావాలి? ఆయన లేచి, గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"పద్యం చదివినవాళ్ళు అడవిలో చాలామంది ఉన్నారు. పద్యంలో దిగినవాణ్ణి నేనొక్కణ్ణే! ఇవాళ్టి నుంచి అడవిలో ప్రతి బడిలోనూ ఈ పద్యం ఇలాగే నేర్పాలి. దిగి చూపించే బాధ్యత వాలేశ్వరం మాస్టారిదే!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టారికి దండ కూడా పడింది. పువ్వులు చేదు.

ఆనాటి నుంచి వాలేశ్వరం బడి బడికీ తిరుగుతూ ఎక్కడ ఊబి ఉంటే అక్కడ మెడ దాకా దిగుతున్నాడు. పిల్లలు ఒడ్డున కూర్చుని భావం రాసుకుంటున్నారు. నడుముకి తీగ కట్టి లాగే పని సూదమ్మది. ఆ పిల్ల కట్టే ముడి మీద తప్ప ఆయనకి ఇంకెవరి మీదా నమ్మకం లేదు.

ఒకసారి గడ్డం దాకా మునిగి ఉండగా, సూదమ్మ ఒడ్డునుంచి వంగి మెల్లిగా అడిగింది.

"మాస్టారూ, ఇప్పుడు చెప్పండి. మడ్ అంటే ఏమిటి?"

వాలేశ్వరం అటూ ఇటూ చూశాడు.

"బురదే తల్లీ," అన్నాడు. "పరీక్షలో మాత్రం రాయకు. ఫెయిలవుతావు."

నీతి: పద్యం ఎంత లోతో తెలుసుకోవాలంటే ముందుగా ఒక ఇన్‌స్పెక్టర్‌ని దింపి చూడాలి.