ఏడు రంగుల పడవ దారులు

సోమవారం పొద్దున వంపెన్ పెట్టుకున్న పని ఒక్కటే: రేవుల్లో కొత్త పటాలు తగిలించి, ఎండ ఎక్కేలోపు ఆఫీసుకొచ్చి కొబ్బరిపాల అన్నం తినడం. బ్యాంకాక్ కాలువల మీద తిరిగే ఏడు పడవ దారుల పటం అది. ఇరవై ఏళ్లుగా పడవల ఆఫీసులో టిక్కెట్ల మీద అంచులు గీసిన మనిషికి ఇదే మొదటి పటం. వంకర కాలువలన్నిటినీ చిక్కు తీసి దువ్విన జడలా సాపు చేసింది. రంగుల కోసం ఎక్కడికీ పోలేదు, ఇంట్లో బీరువా తెరిచింది. వారానికి సరిపడా ఏడు రంగుల చొక్కాలు. ఏడు దారులకూ చక్కగా సరిపోయాయి.

"వారంలో ఒక్క ప్రయాణికుడు తగ్గినా పటం దింపేస్తానమ్మా," అన్నాడు పై అధికారి ఫదెత్. "మళ్లీ నీకు టిక్కెట్లే."

రేవులో నూడుల్స్ అమ్మే లమై పిన్ని గరిటె పట్టుకుని పటం ముందు మైమరచి నిలబడింది. "కలలో చూసిన ఊరులా ఉందే!" అంది. ఆ తర్వాత తేరుకుని, "పసుపుది ఇవాళ్టి పడవన్నమాట!" అని రేవంతా చాటింది. సోమవారం పసుపు, మంగళవారం గులాబీ, బుధవారం ఆకుపచ్చ. అక్కడ ఉగ్గుపాలతో వచ్చే లెక్క అది. ఎదురడిగినవాడు లేడు.

ఆ పూట పసుపు దారి పడవ జనం బరువుకి ముక్కుదాకా మునిగింది. మిగతా ఆరూ పొగమంచులో ఖాళీగా, ఎవరి కలో మోసుకుపోతున్నట్టు తేలిపోయాయి. ఆకుపచ్చ దారి సరంగు బున్‌మా కునుకు తీస్తుంటే టోపీలో కొంగ గుడ్డు పెట్టింది. గుడ్డు నేను చూడలేదు గానీ కొంగను చూశాను.

"అక్కా, నా దారి మూసేశారా ఏంటి?" అంటూ బున్‌మా టోపీ కదలకుండా ఆఫీసుకొచ్చాడు.

వంపెన్ హడావుడిగా చీటీలు అచ్చు వేయించి పటాల మీద అంటించింది: 'అన్ని పడవలూ నడుచును.' ఆఫీసులో మిగిలింది నారింజరంగు కాగితమే. అది గురువారం రంగు.

"గురువారం అన్నీ నడుస్తాయట!" అంది లమై పిన్ని.

గురువారం ఊరు మొత్తం కాలువల మీదికొచ్చింది. పడవలు ఎంతగా ఇరుక్కున్నాయంటే, జనం వాటి మీదుగా నడిచి అవతలి ఒడ్డుకు పోయారు.

"రంగులే తీసెయ్!" అని అరిచాడు ఫదెత్. సాయంత్రానికల్లా గీతలన్నీ నల్లగా మారాయి. వాటి కింద, ఆఫీసు పద్ధతి ప్రకారం, ఫదెత్ గారి పేరు, తేదీ.

శుక్రవారం ఆఫీసు గుమ్మంలో పూలచక్రాలు వరసకట్టాయి. చావింటికి కట్టే నల్లచీర లాంటిదేదో చుట్టుకుని వచ్చిన లమై పిన్ని కుర్చీలో ఫదెత్‌ను చూసి ఉలిక్కిపడింది.

"మీరింకా ఉన్నారా అయ్యగారూ!"

"ఉన్నానమ్మా."

"మరి ఈ పూలచక్రం ఏం చేసేది? కొట్టువాడు వెనక్కి తీసుకోడు!"

ఫదెత్ ఊగిపోతూ వంపెన్ వైపు తిరిగాడు. "దింపెయ్ ఆ పటాన్ని!"

వంపెన్ మేకులు పీకే కటింగ్ ప్లేయర్ అందుకుంది. కళ్లు నిండాయి.

"దింపితే ఊరుకోం," అంది పిన్ని. "ముప్పై ఏళ్లుగా నాతో మాటల్లేని మా చెల్లెలు సోమవారం నా ఒళ్లోనే కూర్చోవాల్సొచ్చింది, పడవలో చోటు లేక. ఊరంతా ఒకే దారిన పోతే ఎవరో ఒకరు కలుస్తారయ్యా. ఆ రంగులే కావాలి."

పరామర్శకొచ్చినవాళ్లంతా అవునన్నారు. ఫదెత్ వారం లెక్క తెప్పించాడు. ప్రయాణికులు రెట్టింపు. పూలచక్రం మీది తన పేరు పీకేసి, వంపెన్ చేత కటింగ్ ప్లేయర్ కింద పెట్టించాడు.

పై సోమవారం రంగుల పటం మళ్లీ రేవులకెక్కింది. మంచులో ఏడు పడవలూ ఒకదాని వెనక ఒకటి, ఆ రోజు రంగైన పసుపు దారినే సాగిపోయాయి. పటంలో తప్పేమీ లేదని తేల్చి, పడవలను దిద్దారు.