పళ్ల డాక్టరు గుండు

ఆ ఉదయం పళ్ల డాక్టరు పెట్టుకున్న పని చాలా చిన్నది. సెలూన్‌కి వెళ్లి జుట్టు, మీసం కాస్త సరిచేయించుకుని క్లినిక్‌కి చేరాలి. స్కూలు ప్రిన్సిపల్‌గారు మనవరాలిని తీసుకొస్తున్నారు. ఆ పిల్లకి ఊగుతున్న పాలపన్ను ఏడిపించకుండా తీస్తే చాలు, స్కూలు పిల్లలందరి పళ్లూ అతని చేతిలో పడ్డట్టే. క్లినిక్ తెరిచినప్పటి నుంచి పేషెంట్ల కుర్చీలో ఎక్కువసేపు పడుకున్నది అతనే మరి.

సెలూన్ టీవీలో గూఢచారి సినిమా వస్తోంది. డాక్టరు చిన్నప్పటి నుంచీ ఆ వరసలో సినిమాలు వస్తూనే ఉన్నాయి. వాటిలోని విలన్లందరికీ అతను నిద్రలో లేపినా ర్యాంకులు చెప్పగలడు. ఇంతవరకూ ఎవరూ లేపి అడగలేదు, అది వేరే విషయం.

"ఎంతమంది వచ్చినా ఆ గుండు విలనే ఫస్టండీ," అన్నాడు సెలూన్ ఓనరు, కత్తి మీసానికి ఆనించి.

"గుండోడా?" డాక్టరు గిర్రున తల తిప్పాడు. ఎడమ మీసం ఒళ్లో పడింది.

"అయ్యయ్యో, మీసం!"

"మీసం సంగతి తర్వాత! హీరోని కట్టేసి, ప్లానంతా పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు. ఆ వాగుడుకాయది లాస్ట్ ర్యాంకు. గడియారాలు బాగుచేసే విలన్ ఉన్నాడే, వాడయ్యా ఫస్టు! నోరు విప్పడు."

కుడి మీసం కూడా తీయక తప్పలేదు. ఓనరు మెషిన్ అందుకుని మెడ వెనక సవరిస్తుంటే, బెంచీ మీది పోస్ట్‌మాన్ ఊరుకోలేదు. "మరి ఐస్ ఫ్యాక్టరీ ఆవిడ?"

"ఆవిడా!" అని డాక్టరు మళ్లీ తిరిగాడు. మెషిన్ మెడ నుంచి నడినెత్తి దాకా రోడ్డు వేసేసింది.

మిగిలిందీ తీయించేసి అద్దంలో చూసుకుంటే, ఇందాక లాస్ట్ ర్యాంకు ఇచ్చినవాడు ఎదురుగా కూర్చున్నాడు. ఇంత నోరున్నవాడు పక్కవాళ్ల నోళ్లు బాగుచెయ్యడమేమిటని తనమీద తనకే నవ్వొచ్చింది.

క్లినిక్‌లో అతన్ని చూసి నర్సు ట్రే జారవిడిచింది. ప్రిన్సిపల్‌గారు మర్యాదకి కళ్లు దించుకున్నారు. మనవరాలు మాత్రం పెదవులు బిగించింది.

"నోరు తెరువమ్మా," అన్నారు తాతగారు.

"తెరవను. వీడు టీవీలో విలన్. రహస్యం చెప్పను," అంది పళ్ల సందునుంచి.

"తప్పు. విలన్‌గారు అనాలి."

"నేను విలన్ని కాదు తల్లీ," డాక్టరు బతిమాలాడు.

"వాళ్లందరూ ఇలాగే అంటారు."

కాసేపు చూసి ప్రిన్సిపల్‌గారు లేచారు. "ఇంకో డాక్టరుకి చూపిస్తాంలెండి."

డాక్టరు మరో దారి తోచక చేతులు పైకెత్తి వికటంగా నవ్వాడు. "దొరికావు, ఏజెంట్! నా ప్లాన్ విను. ముందు నీ పాలపన్ను ఎత్తుకెళ్తా. తర్వాత అందరి పాలపళ్లూ దోచేసి... వాటితో... పెద్ద..."

ఇక్కడ మాట ఆగిపోయింది. ఇన్నేళ్లూ విలన్ల ప్లాన్లకి వంకలు పెట్టినవాడికి, తన వంతు వచ్చేసరికి పళ్లతో ఏం చెయ్యాలో తోచలేదు.

"పెద్ద దువ్వెన చేసుకుంటా!"

పిల్ల ఆ గుండుకేసి చూసింది. "నీకు దువ్వెనెందుకూ?" అని విరగబడి నవ్వింది. నోరు బార్లా తెరుచుకుంది. ఆ నవ్వు ఆగేలోగా పన్ను డాక్టరు చేతిలో ఉంది.

"మా పిల్లలందర్నీ మీ దగ్గరికే పంపిస్తాను," అన్నారు ప్రిన్సిపల్‌గారు కళ్లు తుడుచుకుంటూ. "ఒక్కటే షరతు. జుట్టు పెంచకండి."

ఇంటిదారిలో డాక్టరు గుండు విలన్‌ని ఏకంగా మొదటి ర్యాంకుకి ఎక్కించేశాడు. ఈ శుభవార్త ముందుగా భార్యకి చెబుదామని హుషారుగా బెల్లు కొట్టాడు. ఆవిడ తలుపు ఓరగా తీసి, ఎగాదిగా చూసి, "డాక్టరుగారు ఇంట్లో లేరండీ," అని గడియ పెట్టేసుకుంది.