పరారీలో ఉన్న చరణం

“సినిమా పాట ఇంకా సంగీత దర్శకుడి కడుపుల ఉండంగనే దాని జాతకం చెప్పే మేధావి ఈ పటాన్‌చెరుల ఒక్కడే ఉన్నడు. ఆ ఒక్కడిని నేనే,” అని ప్రకటించాడు చంద్రకాంత్.

వినడానికి ఆ మైకులు, స్పీకర్లు బాగుచేసే షాపులో దాని యజమాని తారిఖ్ ఒక్కడే ఉన్నాడు. అతను విప్పిన స్పీకర్ పెట్టెలో తల దూర్చి వైరు వెతుకుతున్నాడు. ఈ ప్రకటన తరచూ వినేదే కాబట్టి తల బయటికి తీయలేదు.

చంద్రకాంత్ బొల్లారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్. అది పొట్టకోసం. పేరు కోసం ‘రేపటి రాగం’ అని ఒక యూట్యూబ్ ఛానల్ పెట్టాడు. రాబోయే సినిమాకు సంగీతం ఎవరిస్తారు, ఆ సంగీతం ఎలా ఉంటుంది అని అందులో జోస్యం చెబుతాడు. ఇప్పటిదాకా ఒక్కటీ నిజం కాలేదు. ఒక సినిమా నిండా వీణే ఉంటుందని చెబితే, తీరా అది డప్పులతో వచ్చింది. “వీణను ఆఖరికి మాయం చేసిన్రు. ఇది నేరం. దీన్ని పరిశోధించాలె,” అన్నాడు. అలా జ్యోతిష్కుడు కాస్తా డిటెక్టివ్ అయ్యాడు.

ఆ రోజుల్లో ఎక్కడ విన్నా ‘మూడో షిఫ్టు’ సినిమా మాటే. ఫ్యాక్టరీ కార్మికుల కథ, ఇక్కడిక్కడే షూటింగ్. పోస్టర్ మీద అందరి పేర్లూ వేసి, సంగీతం అన్నచోట మాత్రం ‘త్వరలో’ అని వదిలేశారు. కొన్ని క్షణాల వీడియో ముక్క ఒకటి విడుదల చేశారు. అందులో మెషిన్ల చప్పుడు మీదుగా ఒక ఈల వినిపించి, మనసును లాగీ లాగకముందే ఆగిపోతుంది. ఆ ఈల ఎవరిదని జనం పందేలు వేసుకుంటున్నారు.

ఆ ఈల తారిఖ్‌ది.

దర్శకురాలు శ్రీదివ్య ఏదో మైకు బాగుచేయించుకోవడానికి షాపుకు వచ్చి, వెనక గదిలో అతను కీబోర్డు మీద వాయిస్తున్నది విని, అక్కడే నిలబడిపోయింది. నిర్మాతకు మాత్రం పెద్ద పేరున్నవాళ్లే కావాలి. శ్రీదివ్య పట్టుబట్టి ఒక అవకాశం ఇప్పించింది. పేరు గానీ పాట గానీ ముందే బయటికి పొక్కితే తారిఖ్‌ను తీసేస్తామని నిర్మాత సంతకం చేయించుకున్నాడు. అందుకే తారిఖ్ అమ్మకు కూడా చెప్పలేదు. చంద్రకాంత్‌కు చెప్పడమంటే చార్మినార్ ఎక్కి మైకు పట్టుకోవడమే.

“కేసొచ్చింది,” అన్నాడు చంద్రకాంత్, గొంతు తగ్గించి. “నిన్న బొల్లారం పోయే ఐలన్న ఆటో ఎక్కిన. ఈల వేస్తున్నడు. ఏం ఈల? ‘మూడో షిఫ్టు’ ఈల.”

“అందరూ గదే వేస్తున్నరు గదా భాయ్.”

“అందరు వేసేది పల్లవి ముక్క. ఐలన్న దాని ఎనకాలది గూడ వేసిండు. ఇగ విను.”

చంద్రకాంత్ ఈల వేశాడు. తారిఖ్ చేతిలోని స్క్రూడ్రైవర్ జారి స్పీకర్‌లో పడింది. అది చరణం. పోయిన వారమే పూర్తయింది. తను, శ్రీదివ్య, నిర్మాత తప్ప ఈ భూమ్మీద ఎవరూ విని ఉండకూడదు.

“పల్లవి మన కస్టడీల ఉన్నది. చరణం పరారీల ఉన్నది. ఇది అంతర్జాతీయ ముఠా పని,” అన్నాడు చంద్రకాంత్.

“అంతర్జాతీయ ముఠాకు బొల్లారంల ఏం పని?”

“గదే తేల్చాలె. తాళం దొరికితే రాగం దొరికినట్టే.”

“ఛానల్‌ల పెట్టినవా?” అని అడిగాడు తారిఖ్.

“దొంగ దొరికినంక పెడ్త. లైవ్‌ల.”

జీవితంలో మొదటిసారి ఇతని అనుమానం నిజమైంది. అది కూడా నా పీకల మీదికే రావాలా అనుకున్నాడు తారిఖ్. ఒంటరిగా వదిలితే సాయంత్రానికి ఊరంతా గోల చేస్తాడు. వెంట ఉంటే కనీసం నోరు మూయించవచ్చు. షట్టర్ దించి బయల్దేరాడు.

చంద్రకాంత్ మారువేషం వేశాడు. నల్ల కళ్లద్దాలు, మండుటెండలో మంకీ టోపీ. స్టాండులో ఐలన్న చూడగానే జాలిపడ్డాడు.

“చంద్రకాంత్ సారూ, జెరమొచ్చిందా? జెర లోపలికి జరిగి కూసో, గాలి తాకదు.”

ఆటోలో అప్పటికే ఒకతను పొడుగాటి నల్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చంద్రకాంత్ తారిఖ్ పక్కటెముకలో పొడిచి, “గిటార్,” అని గుసగుసలాడాడు. తారిఖ్ ఆపేలోగా పెట్టె మూత తెరిచేశాడు. లోపల టైల్స్ కోసే మిషన్ ఉంది.

“అమీన్‌పూర్ మే కామ్ హై సాబ్. క్యా హువా?” అన్నాడు అతను అయోమయంగా.

“కుఛ్ నహీ భాయ్, మాఫ్ కరో. ఇసే బుఖార్ హై,” అని జ్వరం సాకు చెప్పి తారిఖ్ మూత మూశాడు.

“ఆధారం మార్చేసిన్రు,” అని గొణిగాడు చంద్రకాంత్. తర్వాత ముందుకు వంగి, “ఐలన్నా, ఆ ఈల నీకెక్కడిది? నిజం చెప్తే నీకేం గాదు,” అన్నాడు.

“గదా? మన రాజవ్వ మిర్చీలు కాల్చుకుంట పాడ్తది. ఆడ ఆటో ఆపుత గదా, నోటికొచ్చేసింది. మంచిగుంటది సారూ. ఏ దినమన్న బోణీ గాకపోయినా గది వేస్తుంటే పరేషాన్ అనిపియ్యది.”

ఆ భయంలో కూడా తారిఖ్ ఛాతీ కొంచెం ఉబ్బింది. తన పాట గురించి బయటి మనిషి అన్న మొదటి మాట అది. థాంక్స్ చెప్పడానికి కూడా వీల్లేదు.

బొల్లారం చౌరస్తాలో రాజవ్వ బండి చుట్టూ షిఫ్టు దిగినవాళ్లు మూగి ఉన్నారు. ఆమె మిరపకాయలు పిండిలో ముంచుతూ కూనిరాగం గునుగుతోంది. పల్లవి, ఆ వెంటే చరణం, ఒక్క స్వరం తప్పిపోకుండా.

చంద్రకాంత్ జనాన్ని తోసుకుని ముందుకు వెళ్లాడు. “రాజవ్వా, ఆట ముగిసింది. చెప్పు, నీ ఎనక ఎవరున్నరు?”

రాజవ్వ వెనక్కి తిరిగి చూసింది. “గ్యాస్ సిలిండర్ ఉన్నది బిడ్డా.”

“గది గాదు. ఈ పాట నీకు నేర్పింది ఎవరు?”

“నువ్వే.”

జనం మిర్చీ తినడం ఆపారు.

“దినాం వస్తవు, మిర్చీ కాలేదాక నా డబ్బా మీద దరువేస్తవు, గిదే గునుగుతవు. ఇంటికి పో బిడ్డా అన్నా ఇడువవు. నా నోటికి గూడ అంటుకున్నది. గిప్పుడొచ్చి నన్నడిగితె?”

చంద్రకాంత్ కళ్లద్దాలు తీసి బెంచీ మీద కూర్చున్నాడు. మంకీ టోపీలోంచి చెమట కారుతోంది. “అంటే, నేను ఎంటబడ్డ దొంగను నేనేనా,” అన్నాడు నీరసంగా. రాజవ్వ రెండు మిర్చీలు చేతిలో పెట్టింది. ఒకటి నమిలేసరికి బుర్ర మళ్లీ తిరగడం మొదలైంది.

“తారిఖ్, నన్ను వాడుకున్నరు. నాకు తెల్వకుంట నా చెవుల పాట పోసిన్రు. షిఫ్టు దిగి, ఇక్కడ తిని, నేను కన్ను మూసేది ఒక్క దగ్గరనే. నీ షాపుల కుర్చీల.”

తారిఖ్‌కు అప్పుడు వెలిగింది. వెనక గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకునే వాయిస్తాడు. కానీ దాని పిన్ను ఎప్పటినుంచో వదులు. ఊరందరి పిన్నులూ బిగించే మనిషి తనది బిగించుకోలేదు. శబ్దం సన్నగా బయటికి కారుతూ, ముందు కుర్చీలో గురకపెట్టేవాడి చెవిలోకి నేరుగా పోయింది.

ఇక దాచి లాభం లేదు. “చంద్రకాంత్, నీకొక మాట చెప్పాలె…”

“చెప్పకు. నువ్వు అమాయకునివి. నీ షాపుల నీకు తెల్వకుంట ఎవడో స్టూడియో నడుపుతున్నడు. పద, వల పన్నుదాం.”

వల అంటే చంద్రకాంత్ కుర్చీలో పడుకుని నిద్ర నటించడం, దొంగ వచ్చి పాట పెట్టగానే పట్టుకోవడం. షాపు చేరాక కాళ్లు చాపి నటించడం మొదలుపెట్టిన కాసేపటికే నిజం గురక వచ్చింది. ఆ నిద్రలోనే పక్కకు ఒత్తిగిలి, ఫంక్షన్ హాలు వాళ్లు బాగుచేయమని ఇచ్చిన నిలువెత్తు స్పీకర్ మీటను మోకాలితో నొక్కాడు. నిన్న పరీక్షించడానికి దాన్ని తారిఖ్ తన ఫోనుకే కలిపాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. కంగారులో తారిఖ్ ఎత్తేశాడు.

“తారిఖ్ గారూ, శ్రీదివ్యను,” అని రోడ్డు అవతలి బస్టాండు దాకా వినిపించింది. “ప్రొడ్యూసర్ గారు ఒప్పుకున్నారు. ‘మూడో షిఫ్టు’ సంగీతం మీదే.”

తారిఖ్ శబ్దం తగ్గించబోయి తొందరలో వేరే మీట తిప్పాడు. శ్రీదివ్య గొంతు ఇంకా గంభీరమైంది.

“పొద్దున బొల్లారం లొకేషన్ దగ్గర ఆయన కారు ఆగిపోయి షేర్ ఆటో ఎక్కారట. డ్రైవరు మన పాట మొత్తం ఈల వేశాడట. విడుదల కాని పాట బయటికెలా వచ్చిందని ముందు మండిపడ్డారు. దిగేసరికి తానే గునుగుతున్నారు. ఇక పెద్ద పేర్లెందుకు, ఈయనే చాలన్నారు. సాయంత్రం ప్రకటిస్తాం.”

ఫోన్ పెట్టేసేసరికి షాపు ముందు జనం నిలబడి ఉన్నారు. చంద్రకాంత్ కుర్చీలో నిటారుగా కూర్చుని తారిఖ్‌నే చూస్తున్నాడు.

“నువ్వా,” అన్నాడు.

“చెప్పొద్దని సంతకం తీసుకున్నరు భాయ్.”

“నాకు గూడ చెప్పొద్దా?”

“ముఖ్యంగా నీకే.”

చంద్రకాంత్ మొహం వాడిపోయింది. తర్వాత, “కరెక్టే. చెప్తే నేను ఆగకపోదును,” అని లేచి, తారిఖ్‌ను ఊపిరాడనంత గట్టిగా వాటేసుకున్నాడు. తారిఖ్ భుజానికి తడి తగిలింది. ఈసారి అది చెమట కాదు.

సాయంత్రం ప్రకటన రాగానే ‘రేపటి రాగం’ లైవ్ మొదలైంది. అన్నివైపులా వల పన్ని సంగీత దర్శకుణ్ని తానే పట్టుకున్నానని చంద్రకాంత్ చెప్పుకుపోతున్నాడు. తారిఖ్ కెమెరాకు దూరంగా కూర్చుని నవ్వు ఆపుకుంటున్నాడు. కింద ఐలన్న పేరుతో ఒక ప్రశ్న వచ్చింది: ‘చరణం బయటపెట్టింది ఎవరు సారూ?’

“ఆ మనిషి గొప్ప తెలివిగలవాడు. ఎక్కడా ఆధారం వదల్లేదు. అందుకే కేసు మూసేస్తున్నం,” అన్నాడు చంద్రకాంత్ గంభీరంగా.

తర్వాతి ప్రశ్న చదువుకుంటూ బల్ల మీద వేళ్లతో దరువేశాడు. దాని వెంబడే సన్నగా గునిగాడు. తారిఖ్ నవ్వు ఆగిపోయింది. అది పల్లవి కాదు, చరణమూ కాదు. నిన్న మధ్యాహ్నం తను మొదలుపెట్టిన రెండో పాట.

తారిఖ్ ఒక్క గెంతులో వెళ్లి లైవ్ నడుస్తున్న ఫోన్ ఆపేశాడు.