పులిగారి పెట్టుడు పళ్లు, నాలుగు ఓట్లు

ఒక పెద్ద అడవిలో ఓట్లను తలల లెక్కన కాకుండా పళ్ల లెక్కన వేసేవారు. నోట్లో ఎన్ని పళ్లుంటే అన్ని ఓట్లు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు గానీ, పెట్టినవాడికి పళ్లు బాగానే ఉండి ఉండాలి.

సభ రోజున కార్యదర్శి ముంగిస ఒక్కొక్కరి నోట్లో తల దూర్చి, పళ్లు లెక్కపెట్టి, బయటికొచ్చి పైకి చదివేవాడు. చిన్నాచితకా జంతువుల ఓట్లు ఏటా అటు సగం ఇటు సగం పడి చెల్లుకు చెల్లయిపోయేవి. తేల్చేవి మూడు నోళ్లే. అధ్యక్షుడు పులికి ముప్పై పళ్లు. ప్రతిపక్ష నాయకుడు కొండముచ్చుకు ముప్పై రెండు. కంట్రాక్టరు ఏనుగుకు, అంత ఒళ్లుండీ, దంతాలతో కలిపి ఆరంటే ఆరు. అందుకే ఏనుగు ఎప్పుడు చూసినా పులి పక్కనే నిలబడి ఉండేవాడు.

పక్షులకు పళ్లు లేవు గనక ఓట్లూ లేవు. కొమ్మల మీద కూర్చుని సభ చూడవచ్చు, రెట్ట మాత్రం వేయకూడదని నిబంధన.

అలాంటి ఓటులేని పక్షుల్లో ముక్కోటి అనే వడ్రంగిపిట్ట ఒకడు. వృత్తికి పళ్ల డాక్టరు. జన్మలో తన నోట్లో ఒక్క పన్ను మొలిచింది లేదు, అయినా అడవిలో ఎవరికి పన్ను సలిపినా అతని దగ్గరికే పరిగెత్తేవారు. “నాకు పళ్లు లేవు గనకే నాకు పళ్ల మీద పక్షపాతం లేదు” అనేవాడు ముక్కోటి, గర్వంగా.

ఎండిపోయిన మద్దిచెట్ల తోపులో ఒక చెట్టు మొదట్లో అతని ఆసుపత్రి. పైన తొర్రలో కాపురం. భార్య మాచమ్మ మూడు గుడ్ల మీద కూర్చుని పొదుగుతోంది.

ఏనుగు కన్ను సరిగ్గా ఆ ఎండుమద్దుల తోపు మీద పడింది. “ఎందుకూ పనికిరాని చెట్లు. వాటిని కూలదోసి వాగు దాకా బాట వేద్దాం” అని తీర్మానం పెట్టాడు. ఎండు చెట్టంటే వడ్రంగిపిట్టకు ఇల్లూ అదే, వంటిల్లూ అదే. ఎండు కొమ్మల మీద కూర్చుని ఎండ కాగే అలవాటున్న కొండముచ్చు మాత్రం వద్దన్నాడు.

అదృష్టమేమిటంటే, పులికి అప్పటికి నాలుగు పళ్లు లేవు. నిరుడొక దున్నపోతు మీద పడి, మెడ అనుకుని మెళ్లో ఉన్న ఇత్తడి గంటను కొరికాడు. పై వరసలో కుడి కోర, దాని వెనక మూడు దవడపళ్లు గంటతోపాటు మోగి రాలిపోయాయి. మిగిలినవి ఇరవయ్యారు. ఏనుగువి ఆరు కలిపితే ముప్పై రెండు. కొండముచ్చుకూ ముప్పై రెండే. ఓట్లు సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే.

అలా నిశ్చింతగా ఉన్న రోజుల్లో పులి స్వయంగా ఆసుపత్రికి వచ్చాడు. వెనకాల ముంగిస.

“ముక్కోటీ, ఎముక కొరికి ఏడాదయింది. కప్పల్ని చప్పరించి బతుకుతున్నాను. అధ్యక్షుడు చెయ్యాల్సిన పనేనా ఇది?” అన్నాడు పులి.

ముక్కోటి ఆ నోట్లోకి తొంగి చూశాడు. కంపు కళ్లకు కొట్టింది గానీ, డాక్టరు గనక ముఖం మార్చలేదు.

“పుండు బాగా మానింది దొరా. కానీ పక్క పన్ను ఖాళీలోకి ఒరుగుతోంది. కింది పన్ను పైకి లేస్తోంది. ఖాళీ కనబడితే పక్కవాళ్లు జరక్కుండా ఉండరు గదా. ఇంకా ఆలస్యం చేస్తే కొత్తవి పెట్టడానికి చోటే మిగలదు.”

“అయితే పెట్టు. నీ చెట్లకు నా ఓటు. మీసాల మీద ఒట్టు.”

పులి వెళ్లగానే పైనుంచి మాచమ్మ తల బయటికి పెట్టింది.

“ఏం మావా, బుర్ర ఉందా నీకు? ఆయనకి పళ్లు లేకే గదా ఓట్లు సమానమయ్యాయి. అందుకే మన కొంప నిలబడింది. నువ్వే కూర్చుని ఆ నాలుగూ పెట్టేస్తావా?”

“మాటిచ్చాడే. మీసాల మీద ఒట్టేశాడు.”

“మీసాలు పోతే మళ్లీ మొలుస్తాయి. మన గుడ్లు మొలుస్తాయా?”

ముక్కోటి వినలేదు. నిజం చెప్పాలంటే అతన్ని పడేసింది పులి మాట కాదు, పులి నోరు. ఉడతల పళ్లూ కుందేళ్ల పళ్లూ బాగుచేసి విసిగిపోయిన చేతికి అంత పెద్ద నోరు మళ్లీ దొరకదు. పనిమంతుడికి ఆ దురద ఉంటే ఇక పెళ్లాం మాట చెవికెక్కదు.

మర్నాడే అచ్చు తీశాడు. గోరువెచ్చటి తేనెమైనాన్ని డొప్పలో పోసి పై దవడకు అదిమాడు. పులికి డోకొచ్చింది.

“ముక్కుతో గాలి పీల్చండి. కాలివేళ్లు ఆడించండి. ధ్యాస అటు పోతుంది” అన్నాడు ముక్కోటి. అధ్యక్షులవారు వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ల వేళ్లూ ఆడిస్తుంటే ముంగిస మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు.

కణితి దుప్పి రాల్చిన కొమ్ములోంచి నాలుగు పళ్లు చెక్కాడు. చిగుళ్ల రంగు కలవాలని లక్క కరిగించి, అంగిటికి అతుక్కునేలా పలక పోశాడు. వేటగాళ్ల ఉచ్చు తీగ వంచి, మిగిలిన పళ్లను పట్టుకోవడానికి రెండు వైపులా కొక్కేలు పెట్టాడు. వారం తిరిగేసరికి పులి నోరు ఏడాది క్రితం నోరులా ఉంది. నీటి గుంటలో పులి ముఖాన్ని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

“జాగ్రత్తలు చెబుతాను, వినండి దొరా. కొరికి కూర్చోబెట్టొద్దు, వేలితో నొక్కాలి. తిన్నప్పుడల్లా తీసి కడగాలి. కొక్కేలు పట్టుకున్న పళ్లను ప్రాణంలా చూసుకోవాలి, వాటి బలమే దీని బలం. పడుకునేటప్పుడు తీసేసి చన్నీళ్లలో వెయ్యాలి.”

“నా పళ్లు నీళ్లలో పడుకోవడమేమిటి? నేను నిద్రలో కూడా అధ్యక్షుణ్ణే.”

“చిగుళ్లకు విశ్రాంతి కావాలి దొరా. మొదట్లో మెత్తటివి, చిన్నచిన్న ముక్కలు, రెండు వైపులా నమలండి. మాట తడబడుతుంది, రోజూ కాసేపు పైకి చదవండి. ఎక్కడైనా ఒరుసుకుంటే నా దగ్గరికి రండి, మీరు గీకొద్దు. వేడి మాత్రం అసలు తగలనివ్వొద్దు. లక్క మెత్తబడి వంకర పోతుంది.”

“ఇదంతా కాగితం మీద పెట్టావా?” అన్నాడు పులి ముంగిసతో.

“రాసుకున్నాను, ఫైల్లో పెట్టాను” అన్నాడు ముంగిస. ఆ తరవాత ఆ ఫైలును ఎవరూ తెరవలేదు.

పులి మొదటి రోజే ఎముక కొరికాడు. పడుకున్నా తీయలేదు. కడగనూ లేదు. పైకి చదవాల్సిన అవసరం కూడా రాలేదు. ఎందుకంటే కొత్త పలక వల్ల ఆయనకు ‘స’ పలక్క ‘థ’ వస్తుంటే, తెల్లారేసరికి కొలువంతా అలాగే మాట్లాడటం మొదలుపెట్టింది. “థభకు నమథ్కారం” అన్నాడు ఏనుగు. “థెలవిప్పించండి” అన్నాడు ముంగిస. సూటిగా ‘స’ పలికినవాళ్లను మోటువాళ్లుగా జమకట్టారు.

పెట్టుడు పళ్లకు ఓట్లుంటాయా అని ఎవరో గొణిగారు. ముంగిస వెంటనే సవరణ తెచ్చాడు: “లెక్కింపు వేళ ఏ నోట్లో ఉన్న పన్ను ఆ నోటి ఓటే. అది ఎలా వచ్చిందని అడగరాదు.” సభ్యులందరికీ ఎక్కడో ఒకచోట ఒకటో రెండో పళ్లు ఊడి ఉన్నాయి గనక ఏకగ్రీవంగా పాసయింది. కొండముచ్చు కూడా నవ్వుతూ తలూపాడు.

పది రోజులకు పులి అంగిట్లో పుండు లేచింది. డాక్టరు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళితే పరువు పోతుందని, ముంగిస చేతే పలక గీకించుకున్నాడు. పుండు తగ్గలేదు, పలక వదులయింది.

“వేణ్ణీళ్ల బుగ్గ ఉంది గదా దొరా. రోజూ పుక్కిలించండి. నా కాళ్లనొప్పులకు అదే మందు” అన్నాడు ఏనుగు.

కాళ్ల మందు నోటికి పనిచేస్తుందా అని పులి అడగలేదు. సభ రోజు పొద్దున కూడా పొగలొచ్చే నీళ్లు పుక్కిలించే బయల్దేరాడు.

సభ ఎండుమద్దుల తోపు దగ్గరే పెట్టారు. మాచమ్మ గుడ్ల మీదనుంచి లేవకుండా తొర్రలోంచి చూస్తోంది. ముక్కోటి కింది కొమ్మ మీద కూర్చున్నాడు.

పులి లేచి గొంతు సవరించుకున్నాడు. “థభ్యులారా! అడవికి ఇప్పుడు కావలథింది బాట. నా పళ్లన్నీ బాటకే!”

ముక్కోటి కొమ్మ మీదనుంచి అరిచాడు. “దొరా! మాటిచ్చారు! మీసాల మీద ఒట్టేశారు!”

“మాట ఇచ్చింది పళ్లు లేని నోరు. ఇది వేరే నోరు. దీనికి ఆ మాటతో థంబంధం లేదు” అన్నాడు పులి, తాపీగా.

ముక్కోటి పైకి చూశాడు. మాచమ్మ రెక్కలు ఇంకాస్త చాచి గుడ్లను కప్పుకుంది. చెప్పానా అని తిట్టినా బాగుండేది. తన ఇంటి మీదికి గొడ్డలిని తనే నూరిచ్చానని అతనికి ఏడుపొచ్చింది.

లెక్కింపు మొదలైంది. ముంగిస కొండముచ్చు నోట్లోంచి తల బయటికి తీసి, “ముప్పై రెండు. వద్దు” అని చదివాడు. ఏనుగు దగ్గర “ఆరు. కావాలి” అన్నాడు. ఇక పులి వంతు.

ముంగిస దగ్గరికొచ్చేలోపే పులి అడవంతా వినబడాలని నోరు చీల్చుకుని గర్జించాడు. “కావాలీ!”

వేడికి వంకరపోయిన పలక కొక్కేలు పట్టు వదిలేశాయి. లక్క చిగుళ్లూ, నాలుగు కొమ్ము పళ్లూ గర్జనతోపాటు బయటికెగిరి, ఏనుగు నుదుటికి తగిలి, మట్టిలో పడ్డాయి.

ఎవరు నవ్వితే ఎవరి ప్రాణం పోతుందోనని అందరూ బిగబట్టుకున్నారు. ముక్కోటి మాత్రం ఆలోచించలేదు. రివ్వున దిగి, పలకను ముక్కుతో కరుచుకుని, మళ్లీ కొమ్మ మీద వాలాడు.

“సభ ఆపండి! నా పళ్లు!” అని అరిచాడు పులి. పళ్లు పోగానే సకారం తిరిగొచ్చింది.

“ఆపడానికి లేదు, లెక్కింపు మధ్యలో ఉంది” అన్నాడు కొండముచ్చు. “ఏ నోట్లో ఉన్న పన్ను ఆ నోటి ఓటే. ఎలా వచ్చిందని అడగరాదు. తమరి కార్యదర్శి తెచ్చిన సవరణే గదా?”

“అది ముక్కు! నోరు కాదు!” అన్నాడు ఏనుగు.

“మరి వాడు తిండి దేంతో తింటున్నాడయ్యా, చెవితోనా?”

ముంగిస అటూ ఇటూ చూశాడు. పులి నోట్లో తల దూర్చి వచ్చి, “ఇరవయ్యారు. కావాలి” అన్నాడు నీరసంగా. తరవాత కొమ్మెక్కి ముక్కోటి ముక్కు దగ్గర లెక్కపెట్టాడు. “నాలుగు.” అంతలోనే అతని కళ్లు మెరిశాయి. “ఓటు నోటితో పైకి చెప్పాలి. అది నిబంధన.”

ముక్కోటి పలకను ఇంకా గట్టిగా కరుచుకున్నాడు. నోరు తెరిస్తే పళ్లు కింద పడతాయి. పళ్లు పడితే ఓటు పోతుంది. కింద ఏనుగు తొండం చాచుకుని సిద్ధంగా ఉన్నాడు.

“వద్దు!” అని పైనుంచి వినబడింది.

అది మాచమ్మ గొంతు. “నా పెనిమిటి ఓటు వద్దు! ఆయన నోరు మూసుకున్నప్పుడు మాట్లాడేది నేనే. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ఇంతే!”

“ఒకరి మాట ఇంకొకరు ఎలా చెబుతారు?” అన్నాడు ముంగిస.

“అధ్యక్షులవారు కునుకు తీసినప్పుడల్లా ఆయన మాట నువ్వు చెప్పడం లేదూ?” అన్నాడు కొండముచ్చు.

ముంగిస మొత్తం కూడి పైకి చదివాడు. ముప్పై ఆరు వద్దు, ముప్పై రెండు కావాలి. తీర్మానం వీగిపోయింది. కొమ్మల మీది పక్షులన్నీ సంతోషం పట్టలేక నిబంధన ఉల్లంఘించాయి. కింద ఉన్న ఏనుగు వీపు తెల్లబడింది.

రెండు రోజుల తరవాత పులి ఒంటరిగా ఆసుపత్రికి వచ్చాడు. ముక్కోటికి ఒళ్లు మండింది. అయినా ఆ అంగిట్లో పుండు చూసేసరికి మనసు ఆగలేదు.

“ముందు ఇది మానాలి. ఆ తరవాత కొత్త అచ్చు తీస్తాను.”

“ఈసారి మాట తప్పను, ముక్కోటీ. మీసాల మీద...”

“ఒట్లు వద్దు దొరా. ఒక్క జాగ్రత్త పాటించండి చాలు. చిగుళ్ల విశ్రాంతి కోసం సభ జరిగే రోజంతా పళ్లు తీసి నీళ్లలో వెయ్యాలి. గిన్నె మా ఇంట్లోనే ఉంటుంది.”

పులికి కప్పలు గుర్తొచ్చాయి. తలూపాడు. పైన తొర్రలో మూడు పిల్లలు నోళ్లు తెరుచుకుని తిండి కోసం గోల పెడుతున్నాయి.

నీతి: ఇచ్చిన మాట తప్పినా బతికిపోవచ్చు గానీ, పళ్ల డాక్టరు చెప్పిన మాట తప్పితే బతకడం కష్టం.