మామగారి తట్టుడు

పొద్దున్నే కాఫీ ముందు కూర్చుని నెడిల్కో ఆ రోజంతా మనసులో సర్దుకున్నాడు. ముందు రేవులో కొత్త పడవల పరీక్ష, తర్వాత అందరితో కలిసి మరెండా తినడం, మధ్యాహ్నం బహుమతి ప్రకటన, ఆపైన ఒక కునుకు. మా వోడిత్సె రేవులో ఏటా జరిగే విహార పడవల పోటీకి ఆయనే పెద్ద న్యాయనిర్ణేత. ఈసారి పోటీలో అల్లుడు లోవ్రే కట్టిన మొట్టమొదటి పడవ కూడా ఉంది. సర్దుబాటుకు లొంగనిది ఆ ఒక్క సంగతే.

"పిల్లాడు తిండీ నిద్రా మాని కట్టుకున్నాడు. కాస్త మెత్తగా చూడు," అంది భార్య పెరీనా.

"పడవలకి చుట్టరికాలుండవు. నేను తడితే పలకాల్సింది చెక్క, అల్లుడు కాదు."

"ముందు నీ బుర్ర తట్టి చూసుకో, బోలుగా ఉందేమో!"

ఆ తట్టుడంటే ఈ తీరంలో పడవలు కట్టేవాళ్లందరికీ హడల్. పుచ్చకాయ కొట్టి చూసినట్టు నెడిల్కో పడవ లోపలి గోడలన్నీ వేలి ముడులతో తట్టుకుంటూ పోతాడు. గట్టిగా ఉన్నచోట ఒక్కసారి తట్టి కదులుతాడు. ఒకేచోట మళ్లీ మళ్లీ తట్టాడంటే లోపల జిగురు సరిగా పట్టక బోలు పడిందన్నమాట. ఆయన నోరు విప్పక్కర్లేదు, ఆ చప్పుడు విని తోటివాళ్లు మార్కులు వేసేస్తారు.

తోటి న్యాయనిర్ణేతలు ఇంజినీరు జ్దెంకా, పాత నావికుడు బరీషాలతో కలిసి ఆయన రేవు మీది బుట్టలో బూట్లు విడిచి లోవ్రే పడవ ఎక్కాడు. కొత్త పడవలోకి బూట్లతో వెళ్లడం మా దగ్గర మహాపాపం. ఎక్కిన మరుక్షణమే పడవ ఆయనకు నచ్చేసింది. అరలు చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయి, మూలలు చేతికి మెత్తగా తగులుతున్నాయి. నచ్చినకొద్దీ కంగారు ఎక్కువైంది. ఒక్క తప్పయినా పట్టకపోతే, అల్లుణ్ణి వెనకేసుకొచ్చాడని ఊరు కోడై కూస్తుంది.

చివరికి మరుగుదొడ్డిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అదీ ఇట్టే మూసుకునేసరికి ఆయనకు ఉక్రోషం వచ్చింది. మరలైనా నాసిరకం కాకపోతాయా అని స్క్రూడ్రైవర్ తీసి లోపలి పిడి ఊడదీశాడు. మరలు మేలురకానివే. కానీ పిడి ఊడగానే దాని కడ్డీ బయటివైపు జారిపోయింది. ఇక తలుపు బయటినుంచి ఎవరైనా తీయాల్సిందే.

అరుద్దామనుకున్నాడు. కానీ పెద్ద న్యాయనిర్ణేత మరుగుదొడ్డిలో ఇరుక్కున్నాడని తెలిస్తే చుట్టుపక్కల దీవులన్నీ నవ్వవూ? అందుకని మర్యాదగా తట్టాడు. ఎవరూ రాలేదు. మళ్లీ తట్టాడు.

"వింటున్నావా? మళ్లీ అక్కడే!" అన్నాడు బయట బరీషా.

"ఏ పడవలోనూ ఇంతసేపు తట్టలేదు. గోడంతా బోలే అయ్యుంటుంది," అంటూ జ్దెంకా మార్కులు కోసేసింది.

పక్కనే ఉన్న లోవ్రే ముఖం పాలిపోయింది. "నా చేతుల్తో నేనే జిగురు పూశానండీ!"

"మొదటి పడవ కదా, బెంగపడకు నాయనా. పద బరీషా, మరెండా చల్లారిపోతోంది. ఆయన తీరిగ్గా వస్తాడు."

పొద్దెక్కాక తినే ఆ మరెండా కోసం మా తీరంలో పెళ్లయినా ఆగుతుంది. వాళ్లు వెళ్లిపోయారు. లోవ్రే పడవ ముందుభాగానికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు. అప్పటికి నెడిల్కో వాచిన వేళ్లు ఊదుకుంటున్నాడు. తట్టుడు ఆగింది కాబట్టి మామగారు కూడా భోజనానికి వెళ్లారనుకున్నాడు లోవ్రే. అంతలో పడవ కొందామని లుబ్లియానా పట్నం నుంచి ఓ జంట వచ్చింది. లోవ్రే బూట్ల బుట్టవైపైనా చూడకుండా వాళ్లను ఎక్కించుకుని సముద్రంలోకి బయల్దేరాడు.

ఇప్పుడు నెడిల్కో పరువు పక్కనపెట్టి అరిచాడు. చప్పుడు రాకుండా గోడల్లో అల్లుడు దట్టంగా కూరిన కార్కు బెరడు సగం అరుపును మింగింది, మిగతా సగం ఇంజిన్ మోతలో కలిసిపోయింది. చేసేది లేక కూర్చుని చెవి ఒగ్గాడు. అలలు ఎత్తి కుదేస్తున్నా గోడ ఎక్కడా కిర్రుమనలేదు. "దొంగవెధవ, ఎంత బాగా కట్టాడు!" అనుకుంటే ఆయనకు కళ్లు చెమర్చాయి.

ఇటు రేవులో బూట్లున్నాయి, మనిషి లేడు. పోటీ రోజున న్యాయనిర్ణేతలు ఏ పడవలోనూ షికారు వెళ్లకూడదన్న నియమం ఆయన పెట్టిందే కాబట్టి, పడవలో వెళ్లి ఉంటాడని ఎవరికీ తోచలేదు. కబురందుకుని పెరీనా పరుగెత్తుకొచ్చింది.

"మరెండాకి కూడా రాలేదా? అయితే మునిగే ఉంటాడు!" అని గొల్లుమంది. జాలర్లు గెడలతో నీళ్లు కెలకడం మొదలెట్టారు.

సముద్రంలో లుబ్లియానా ఆవిడ అవసరం పడి మరుగుదొడ్డి తలుపు తీసింది. లోపల మేజోళ్లతో ఓ పెద్దమనిషి, చేతిలో పిడి.

"తలుపు బాగానే పడుతోందమ్మా," అన్నాడాయన గంభీరంగా. ఆవిడ కేకకు లోవ్రే పడవను వెనక్కి తిప్పేశాడు.

రేవులో దిగగానే పెరీనా మొగుణ్ణి వాటేసుకుని ఏడ్చింది. ఏడుపు తీరాక అదే చేత్తో బూటు తీసుకుని రెండు తగిలించింది.

"సముద్రంలో కూడా తట్టి చూశారా, గురువుగారూ? గోడ బోలని మేం అప్పుడే రాసేశాం," అన్నాడు బరీషా.

ఆ మాటకు లుబ్లియానా జంట వెనక్కి జరిగింది. లోవ్రే తల దించుకున్నాడు. మాట్లాడకుండా ఊరుకుంటే నెడిల్కో పరువు దక్కుతుంది, అల్లుడి పడవ మునుగుతుంది. ఆయన ఒకసారి అల్లుడి వైపు చూశాడు.

"అది పరీక్ష కాదు," అన్నాడు అందరికీ వినపడేలా. "తలుపు తీయమని తట్టాను. పిడి నేనే ఊడదీసి మరుగుదొడ్లో ఇరుక్కున్నాను."

రేవు రేవంతా పగలబడి నవ్వింది. గెడలు పట్టుకున్న జాలర్లు నీళ్లలో పడబోయి ఆగారు.

"నవ్వండి! అల్లుడి పడవకి నేను మార్కులు వేయను. మీరే వెళ్లి తట్టి చూసుకోండి."

జ్దెంకా కళ్లు తుడుచుకుంటూ వెళ్లి గోడంతా తట్టింది. ఎక్కడా రెండోసారి తట్టే పని పడలేదు. బహుమతి లోవ్రేకే వచ్చింది. అరిచినా వినపడని గది తనకు బాగా నచ్చిందని లుబ్లియానా ఆవిడ పడవ అక్కడికక్కడే ఖాయం చేయించింది. లోవ్రే మామగార్ని గట్టిగా కావలించుకుని చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు లోవ్రే కట్టే ప్రతి పడవలోనూ మరుగుదొడ్డి తలుపుకి లోపల రెండు పిడులుంటాయి, ఒకటి వాడుకోవడానికి, రెండోది మామగారు ఊడదీసుకోవడానికి.