రెండు చేతులవాటం మౌస్

నవ్వనని మాటిస్తే చెబుతాను. మీరు మాట తప్పుతారని తెలుసు, అయినా చెబుతాను. మా ఆఫీసులో అందరికీ ఇప్పటికే తెలిసిపోయింది, ఇక మీ దగ్గర దాచి బావుకునేదేముంది?

నేను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో విడిభాగాల గది చూసుకుంటానని మీకు తెలుసు కదా. మా ఆఫీసుకి ఒక కంప్యూటర్ ఆటల జట్టు ఉంది. ఆట పేరు కోట. అటు నలుగురు, ఇటు నలుగురు. ఎవరి కోట గేటు ముందుగా విరిగితే వాళ్ళు ఓడినట్టు. గేటు కాపలా నాది. ఎదుటివాడు బాణం వదిలిన క్షణంలోనే నేను డాలు అడ్డం పెట్టాలి. పెడతాను కూడా. కాకపోతే బాణం తగిలాక పెడతాను.

అలా వరసగా మూడు శనివారాలు గేటు విరిగింది. మా కెప్టెన్‌ని అందరం సైరన్ అంటాం. ఫిర్యాదుల విభాగంలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. ఆయన గుసగుసలాడినా మూడో అంతస్తు వాళ్ళు తలెత్తి చూస్తారు.

"ఈ శనివారం బ్రాంచి వాళ్ళతో మ్యాచ్. ఈసారి కూడా గేటు పోయిందా, మిమ్మల్ని తీసేసి మన వాచ్‌మన్‌ని పెడతాను. ఆయనకి నిజం గేటు దగ్గరైనా అనుభవం ఉంది" అన్నాడు సైరన్, ఆ గుసగుసతోనే. ఆఫీసంతా విన్నది.

జట్టులో ఆ ఒక్క చోటూ పోతే ఇక నాకు మిగిలేది బోల్టులూ నట్లూ. బాగా ఆలోచించి, తప్పు నాది కాదు, మా ఇంట్లో ఉన్న మౌస్‌ది అని తేల్చుకున్నాను. మంచి గేమింగ్ మౌస్ కొనాలి. దాని పక్కన బటన్లుంటాయి, ఏ బటన్‌కి ఏ పని చెప్పుకుంటే అది చేస్తుంది. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే డాలు లేచి నిలబడుతుంది. ఇక మిగిలింది మా ఆవిణ్ణి ఒప్పించడం.

మా ఆవిడ ఇంట్లోనే పనిచేస్తుంది. సినిమాల్లో, సీరియళ్ళలో తెర కింద మాటలు అక్షరాలుగా పడతాయి చూడండి, పెదవి కదిలినప్పుడే అవి పడేలా అమర్చడం ఆవిడ పని. అక్షరం అర క్షణం ఆలస్యమైతే ఒప్పుకోదు. అలాంటి మనిషి, కూరలకని వెళ్ళి గంట ఆలస్యంగా వచ్చే నాతో పన్నెండేళ్ళుగా కాపురం చేస్తోంది. పైగా ఆవిడది ఎడమచేతివాటం, నాది కుడి. ఇంట్లో కంప్యూటర్ ఒకటే, మౌస్ ఒకటే, అదీ కుడిచేతికి వంపు తిరిగినది.

భోజనాల దగ్గర మెల్లగా కదిపాను. "ఏమోయ్, నీ బొటనవేలు ఎలా ఉంది?"

ఆవిడ తినడం ఆపింది. "ఏం పగలగొట్టారు?"

"అబ్బే, అది కాదు! ఆ కుడిచేతి మౌస్‌ని ఎడమచేత్తో పట్టుకుని నువ్వు పడే అవస్థ చూడలేకపోతున్నాను."

"నాలుగేళ్ళుగా పడుతున్నాను. ఇవాళ కళ్ళజోడు మార్చారా?"

"రెండు చేతులకీ సరిపడే మౌస్‌లు వచ్చాయట. పక్కన బటన్లుంటాయి. ఒక్కసారి పని చెప్పి పెడితే, ఇక నొక్కినప్పుడల్లా చేస్తూనే ఉంటాయి."

"ఒక్కసారి చెబితే చాలా?"

"చాలు!"

"ఎదురు మాట్లాడవా?"

"మాట్లాడవు!"

"అయితే కొనాల్సిందే. ఇంట్లో అలాంటిది ఒకటైనా ఉండాలి" అంది నన్ను ఎగాదిగా చూస్తూ. "కానీ, మొన్న మీరు కొన్న చెప్పుల ధర దాటడానికి వీల్లేదు."

నా పాచిక పారిందని లోలోపల గంతులు వేశాను. ఆ ఉత్సాహంలో గిన్నెలు కూడా తోమేశాను. అక్కడే ఆవిడకి అనుమానం వచ్చిందని తర్వాత తెలిసింది.

మర్నాడు ఇద్దరం దుకాణానికి వెళ్ళాం. అక్కడి సేల్స్ కుర్రాడికి మా ఆవిడ అయిదు నిమిషాల్లో పేరు పెట్టేసింది, రెండూమంచివే అని. ఏది చూపించి ఏమడిగినా "రెండూ మంచివే మేడం" అనేవాడు.

నా కన్ను మొదట పన్నెండు బటన్ల మౌస్ మీద పడింది. ఎర్రగా, నీలంగా వెలుగుతోంది. పట్టుకున్నవాణ్ణి ఇక వదల్లేదు.

"ఇది కుడిచేతికే కదండీ" అంది మా ఆవిడ.

"అలవాటైతే నీకూ..."

"నా వేలి కోసం వచ్చామా, మీ సరదా కోసం వచ్చామా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నాకేం సరదా? నాకెందుకు సరదా? అసలు సరదా అన్నదెవరు?" అన్నాను. రెండూమంచివే కూడా నన్ను జాలిగా చూశాడు.

రెండోది చవకది. రెండు చేతులకీ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంది. ఇదే తీసుకుందామన్నాను. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆకారం రెండు చేతులకీ సరే, పక్క బటన్లు ఎడం వైపే ఉన్నాయేం? కుడిచెయ్యి బొటనవేలికి పండగ, నా బొటనవేలికి పస్తా?" అంది. నిజమే, నేను గమనించలేదు. గమనించలేదనే చెప్పాను, ఆవిడ నమ్మలేదు.

మూడో దానికి రెండు వైపులా బటన్లున్నాయి, వైరు కూడా లేదు. కానీ దాని ధరతో నేనూ, మీరూ, మన పిల్లలూ చెప్పులు కొనుక్కోవచ్చు.

చివరికి అట్టడుగు అరలోంచి చిరిగిన డబ్బా ఒకటి మా ఆవిడే లాగింది. పాత మోడల్, వైరున్నది. ఎడంపక్క రెండు బటన్లు, కుడిపక్క రెండు. డబ్బా చిరిగిందని సగం ధర. చెప్పుల కంటే తక్కువ! రెండు గంటలు, పద్నాలుగు మౌస్‌లు. "కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే" అంది ఆవిడ. నేను మాత్రం ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, దారంతా బస్సులో దాన్ని తడుముతూ కూర్చున్నాను.

ఇంటికి రాగానే పంపకాలు జరిగాయి. నా బొటనవేలు ఆనే ఎడంపక్క బటన్లు నావి, తన బొటనవేలు ఆనే కుడిపక్క బటన్లు ఆవిడవి. నా మొదటి బటన్‌కి డాలు, రెండోదానికి జట్టు వాళ్ళకి ధైర్యం చెప్పే మాట: "నేనున్నా, భయపడకండి!" నొక్కితే చాలు, ఆ మాట తెర మీద టైపైపోతుంది. ఆవిడ మొదటి బటన్ సినిమాని రెండు క్షణాలు వెనక్కి తిప్పుతుంది. రెండోది "భారంగా నిట్టూర్పు" అని రాస్తుంది. ఇప్పుడు ఆవిడ చేస్తున్న సీరియల్లో కుటుంబం మొత్తం నిట్టూరుస్తూనే ఉంటుందట, ప్రతిసారీ ఆ మాట రాయలేక చస్తోంది.

"వాడేటప్పుడు అవతలి పక్క బటన్లు ఆపేసుకోవాలని ఈ కాగితంలో ఉందండీ. లేకపోతే ఉంగరం వేలు తగిలి అవి నొక్కుకుపోతాయట" అంది.

"ఎవరి వాటా వాళ్ళది. మాటిమాటికీ ఆపడం, తెరవడం ఎవడు పడతాడు? నా వేళ్ళు నా మాట వింటాయి" అన్నాను.

గురువారం ఆవిడ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సీరియల్లో పెద్దాయన పోయాడు. శవం చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. తెర కింద "నేనున్నా, భయపడకండి!" అని పడింది.

"ఎవరంటున్నారమ్మా ఆ మాట? శవమా?" అని అడిగారట వాళ్ళు.

ఫోన్ పెట్టేసి మా ఆవిడ నా వైపు తిరిగింది. "నా ఉంగరం వేలు మీ వాటాలోకి వచ్చింది. రేపు మీ వేలు నా వాటాలోకి వస్తుంది. ఇప్పటికైనా ఆపేద్దామా?"

"మ్యాచ్ అయ్యాక చూద్దాం" అని నోరు జారాను.

"మ్యాచా?" అంది ఆవిడ. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే మనం భయపడాలని నాకిప్పటికీ తట్టదు.

శనివారం ఉదయం పది గంటలకి ఎవరి ఇళ్ళల్లో వాళ్ళం కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. తలకి హెడ్‌సెట్ తగిలించుకున్నాను, రెండు జట్ల మాటలూ అందులోనే వినబడతాయి. మూడు రౌండ్లు, రెండు గెలిచిన వాళ్ళదే మ్యాచ్. మొదటి బాణం వచ్చింది, బొటనవేలు నొక్కాను. డాలు లేచింది! రెండో బాణం, మళ్ళీ డాలు! "శభాష్!" అని సైరన్ అరిచాడు. ఆ అరుపుకి పొంగిపోయి మౌస్‌ని గట్టిగా బిగించాను.

తెర మీద, రెండు జట్లకీ కనబడేలా పడింది: "భారంగా నిట్టూర్పు."

ఆ మాట టైపవుతున్నంతసేపూ డాలు లేవదు. బాణం తగిలింది. కంగారులో ఇంకా బిగించాను. "భారంగా నిట్టూర్పు. భారంగా నిట్టూర్పు."

"ఎవరు బాబూ అది? ఒంట్లో బాగాలేదా?" అని అవతలి జట్టు వాడు రాశాడు. జవాబు రాయబోతే వేలు మళ్ళీ తగిలింది. నిట్టూర్చాను.

గేటు ముక్కలైంది. అంతా అయ్యాక మా జట్టులోని మెకానిక్, మేం నిదానం అని పిలిచేవాడు, హెడ్‌సెట్‌లో తాపీగా అడిగాడు. "అన్నా... ఏంటి... ఏదో నిట్టూరుస్తున్నావ్?"

రెండో రౌండుకి మూడు నిమిషాల విరామం. నాకు కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. హెడ్‌సెట్ మెడ మీదికి జార్చి వెనక్కి తిరిగితే, మా ఆవిడ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"లేవండి, మీ వల్ల కాదు" అంది. "మీ ఎదుటివాడు బాణం వదిలేముందు ప్రతిసారీ తెర మీద వాడి బొమ్మ మోచెయ్యి కాస్త లేస్తోంది. మీకు కనబడటం లేదా?"

"మోచెయ్యా?"

"నేను రోజంతా పెదవులు చూసే మనిషిని. నాకు మోచెయ్యి ఒక లెక్కా? కూర్చుంటాను గానీ, ముందు నిజం చెప్పండి. ఈ మౌస్ ఎవరి కోసం కొన్నారు?"

"నీ బొటనవేలి కోసమే..."

"అయితే నాకు లోపల పనుంది."

"ఆగవోయ్! నా కోసమే! గేటు కోసమే! జట్టులోంచి తీసేస్తామన్నారు, భయమేసి నీ వేలిని అడ్డం పెట్టుకున్నాను. ఇక కూర్చో తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మౌస్ మీద పెట్టారన్నమాట" అంటూ కూర్చుంది. అర నిమిషంలో డాలుని తన బొటనవేలి కిందికి మార్చుకుంది. అవతలి పక్క రెండు బటన్లూ ఆపేసింది.

ఇక చూడండి నా సామిరంగా! మోచెయ్యి ఇలా కదిలితే డాలు అలా లేస్తోంది. ఒక్క బాణం, ఒక్కటంటే ఒక్కటి గేటుని తాకలేదు. నేను వెనక గెంతుతూ, "ఇప్పుడు! ఇప్పుడు!" అని అరుస్తున్నాను. నేను అరిచేసరికే డాలు లేచి దిగిపోతోంది. రెండో రౌండు మాది. మూడోదీ మాదే! ఆనందం పట్టలేక ఆవిడ కుర్చీని గిరగిరా తిప్పేశాను.

"ఇక ఆపండి, కళ్ళు తిరుగుతున్నాయి" అని నవ్వుతూ ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. ఇదే సమయమని హెడ్‌సెట్ తలకెక్కించాను.

"అద్భుతం సార్! ఎలా ఆడారు అసలు?" అన్నాడు సైరన్.

"మొదటి రౌండు కావాలనే వదిలాను. వాళ్ళని గమనించడానికి. బాణం వదిలేముందు వాడి మోచెయ్యి లేస్తుంది, అది కనిపెట్టాను. అంతా సాధన కెప్టెన్, సాధన!"

"మరి ఆ నిట్టూర్పులు?"

"వ్యూహం! ఎదుటివాణ్ణి ఏమరుపాటులో ముంచాలి కదా." ఇలా ఓ అయిదు నిమిషాలు దంచాను. ఎవరూ అడ్డురాలేదు. ఎంత శ్రద్ధగా వింటున్నారో అని మురిసిపోయాను.

"సార్" అన్నాడు సైరన్ చివరికి, జీవితంలో మొదటిసారి మెల్లగా. "మీ మైకు పొద్దుట్నుంచీ ఆన్‌లోనే ఉంది. 'లేవండి, మీ వల్ల కాదు' దగ్గర్నుంచి అందరం విన్నాం. బ్రాంచి వాళ్ళు కూడా విన్నారు."

మైకుని అరచేత్తో మూశాను, ఇప్పుడు మూసి ఏం లాభం? అప్పుడే నిదానం కూడా కలిశాడు. "అన్నా... 'తల్లీ'... అన్నది... బాగుంది."

"మన రూల్సులో ఉద్యోగుల ఇంట్లోవాళ్ళు ఆడొచ్చని ఉంది, గెలుపు గెలుపే. వచ్చే శనివారం నుంచి గేటు మేడంగారిదే. ఒకసారి ఆవిడకివ్వండి" అన్నాడు సైరన్.

హెడ్‌సెట్ తీసుకెళ్ళి రెండు చేతులా మా ఆవిడకి అందించాను. ఆవిడ విని, "అలాగేనండీ, తప్పకుండా ఆడతాను" అంది. తర్వాత నా మొహం చూసింది. జాలేసినట్టుంది. "మా ఆయన్ని కూడా జట్టులో ఉంచండి పాపం, సరదా పడతారు. వెనక నిలబడి అరుస్తారు. ఆయన 'ఇప్పుడు' అన్నారంటే బాణం వచ్చి వెళ్ళిపోయిందని నాకు గుర్తు."

అలా నా చోటు దక్కింది. ఎల్లుండి శనివారం మ్యాచ్, మీరూ రండి, గట్టిగానే అరుస్తాను. మైకు మాత్రం నాకివ్వరట.