పొయ్యి వెనక రేకు

పదింటికి తనిఖీకి వచ్చేవాళ్లకు తలుపు తీసి, ఆనక చేపలు పట్టడానికి పోవాలన్నది ఆ శనివారం వెండెల్ స్టబ్స్ పథకం. ఒరెగాన్‌లో ముప్ఫయ్యేళ్లు కాపురమున్న ఇల్లు అమ్మేస్తున్నాడు. భార్య లోర్నా మోకాళ్లు ఇక మెట్లెక్కలేవు. మెట్లు లేని చిన్న ఇంటికి బయానా కూడా ఇచ్చేశారు. ఈ అమ్మకం చెడితే ఆ ఇల్లూ పోతుంది.

"పొయ్యి సంగతి చూశావా?" అంది లోర్నా. "హాల్లో కట్టెల పొయ్యికి వెనక, పొగ మితంగానే వదులుతుందని ప్రభుత్వం ఒప్పుకున్న ఆమోదం రేకు ఉండాలంట. లేకపోతే అమ్మేముందు దాన్ని పీకేసి, ముక్కలు చేయించి, రసీదు చూపించాలంట."

"నాకు పొయ్యి గురించి చెప్పేంత వాళ్లా?"

"చెప్పట్లేదు. రేకుందా అని అడుగుతున్నారు."

వెండెల్‌కు చట్టాలంటే చిన్నచూపు, చదవకుండానే. పొయ్యి వెనక టార్చి వేస్తే నల్లరంగు తప్ప ఏమీ కనబడలేదు. ఏటా ఆ రంగు పూసింది తనే. షెడ్డులో బావమరిది పారేసిపోయిన పాత పొయ్యి ఉంది. దాని రేకు ఊడబీకి తెచ్చాడు. పొయ్యి వెనక కాస్త ఎత్తుగా, అనువుగా ఉన్న చోట డ్రిల్లుతో నాలుగు చిల్లులు వేసి బిగించాడు. రేకు మరీ మెరుస్తోందని, పొగ పట్టించడానికి తడికట్టెలు అంటించాడు. చిల్లులు పొయ్యి లోపలిదాకా పోయాయని అప్పుడు తెలిసింది. హాలంతా పొగ. పక్కింటావిడ ఫైరింజనుకు ఫోన్ చేసింది.

తనిఖీకి వచ్చిన ఇంగ్రిడ్ మోబర్గ్ ఫైరింజను వాళ్లంతా వెళ్లేదాకా వాకిట్లో ఓపిగ్గా నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, పొయ్యి వెనక వంగి చదివింది.

"ఇందులో ఏం కాలుస్తారు సార్?"

"కట్టెలు. ఇంకేం కాలుస్తాం?"

"ఈ రేకు రంపపుపొట్టు గుళికల పొయ్యిది. కరెంటుంటేనే పనిచేస్తుందని రాసుంది. మీ ప్లగ్గెక్కడ?"

ప్లగ్గు మొలుస్తుందేమోనన్నట్టు వెండెల్ గోడవైపు చూశాడు. "ఫ్యాక్టరీలోనే కొట్టారమ్మా, ముప్ఫయ్యేళ్ల కిందట."

"స్క్రూలు నిన్నటివిలా ఉన్నాయే?"

"ఇవాళ్టివి," అంది లోర్నా.

ఇంగ్రిడ్ స్క్రూలు విప్పింది. రేకు కింద రంగు పెచ్చులూడింది. పెచ్చుల కింద ఇంకో రేకు. నిఖార్సయిన ఆమోదం రేకే. సరిగ్గా నంబరు మీదే పడ్డాయి రెండు చిల్లులు.

"మీది ఆమోదం ఉన్న పొయ్యే సార్," అందామె నెమ్మదిగా. "కాస్త రంగు గీకితే సరిపోయేది. ఇప్పుడు నంబరు చదవలేం, వెనక చిల్లులు కూడా. దీన్ని నేను పాసు చెయ్యలేను."

లోర్నా కుర్చీలో కూలబడి మోకాలు నిమురుకుంది. వెండెల్ డ్రిల్లు తీసుకెళ్లి షెడ్డులో పెట్టొచ్చాడు.

సోమవారం పాత సామాన్ల కొట్టులో పొయ్యి నాలుగు ముక్కలయింది. రసీదు వచ్చింది, అమ్మకం జరిగింది, లోర్నాకు మెట్లు లేని ఇల్లు దక్కింది. నిక్షేపంలాంటి పొయ్యిని ప్రభుత్వం ఎలా నాశనం చేయించిందో వెండెల్ ఇప్పటికీ రోజూ పొద్దున ఊళ్లో హోటల్లో అందరికీ వివరిస్తుంటాడు.

అక్కడ కాఫీ బాగుండదని చెప్పి లోర్నా వెళ్లడం మానేసింది.